మక్కచేనుకు నేను రాసిన రక్షణ ఒప్పందం

యూరప్ రక్షణ వ్యవహారాలు తాండూరులో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే ఇంతవరకు ఇంకెవరూ చెప్పలేదు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వినేవాళ్లు పోయారు గానీ చెప్పే రోగం పోలేదు. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన నాటి నుంచి స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో రోజూ పొద్దున నా క్లాసు నడిచేది. నాపరాయి బండల లారీలు తోలే కర్ణాటక డ్రైవర్లు కూడా నా బల్ల చుట్టే కూర్చునేవాళ్లు. నా మాటల కోసం కాదు, హోటల్లో తిరిగే ఫ్యాన్ ఒక్కటే, అది ఆ బల్ల పైన ఉంది.

నేను ఉతికి ఆరేసేది ముఖ్యంగా ఆ పడమటి దేశాల కూటమిని. ముప్పైకి పైగా దేశాలు కూడి ఒక కాగితం రాసుకున్నాయి, ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అని. ఉక్రెయిన్ ఆ కాగితంలో లేదు, చేర్చుకోండని గడప ముందు నిలబడి ఉంది. లోపలివాళ్లు రమ్మనరు, పొమ్మనరు. ఒక దేశం ఆయుధాలు అడిగితే హెల్మెట్లు పంపింది. ఇంకో దేశం రష్యా గ్యాసు మీద వంట చేసుకుంటూ రష్యాను తిట్టింది. అందరికంటే పెద్దదైన అమెరికా ఉందే, తమ రక్షణకు తాము ఖర్చు పెట్టుకోనివాళ్లను నేనెందుకు కాపాడాలి అని మొహం మీదే అడగడం మొదలుపెట్టింది. సిగ్గూ శరం ఉండాలి కదయ్యా అని నేను బల్ల గుద్దేవాణ్ని. చాయ్ గ్లాసులు ఎగిరిపడేవి.

ఇక నా సొంత రక్షణ వ్యవహారాలకు వస్తాను. పెద్దేముల్ అవతల, అడవి అంచున, నాకు రెండెకరాల కంది చేను ఉంది. ఆ మూలన ఉన్నవి నాలుగే చేన్లు. పక్కనే పెద్ద కమతం ఒక పటేల్‌ది. ఊళ్లోనే ఉంటాడు, చేను చుట్టూ సోలార్ కంచె వేయించుకున్నాడు. ఇంకో పక్క ఎరువుల దుకాణం సేటుది, అంజన్న భక్తుడు, మంగళవారం దుకాణం తెరవడు. నాలుగోది అచ్చంగా అడవిని ఆనుకున్న ఎకరంనర. అది గొర్లు కాచుకునే ఇంటి ఆడమనిషిది. భర్త పోయాక గొర్లు అమ్ముకుని తాండూరులో బండల పాలిష్ మిషన్ మీద ఐదేళ్లు పని చేసింది. ఆ తెల్లటి దుమ్ము ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంది. మళ్లీ అందులోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ ఖరాఖండీగా చెప్పాడు. అందుకని ఉన్నదంతా ఊడ్చి ఆ ఎకరంనరలో మక్కజొన్న వేసింది. పంట ఇంటికొస్తే దుమ్ము తప్పుతుంది, రాకపోతే తప్పదు. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మా దగ్గర దండయాత్ర అంటే కోతులదే. పట్నంలో పట్టి తెచ్చి మా అడవిలో వదిలిపోతారని ఊళ్లో అందరూ అంటారు. ఎవరు వదిలారో ఏమో గానీ, వచ్చినవి మాత్రం పట్నపు కోతుల్లాగే ఉంటాయి, మనిషిని చూసి జంకవు. వాటికి మా వాళ్లు ఎప్పటి నుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. కోతులు ఎవరి చేనులో దిగినా, చూసినవాళ్లు ఖాళీ నూనె డబ్బా పట్టుకుని వాయిస్తారు. ఆ చప్పుడు వినబడిందా, చేతిలో ఏ పనున్నా పారేసి ఉరకాలి. మాటలు లేని అన్నదమ్ముల పాలివాళ్లు కూడా ఉరుకుతారు. తరిమేసి, మళ్లీ మాట్లాడుకోకుండానే ఇళ్లకు పోతారు. ఎందుకు పోవాలి, పోకపోతే ఏమవుతుంది అని అడిగిన మనిషిని నేను ఎరగను.

అడిగినవాడు పటేల్. ఒకరోజు కోతుల్ని తరిమాక మా ముగ్గురినీ గట్టు మీద నిలబెట్టి పంచాయితీ పెట్టాడు. తన చేనుకు కంచె ఉంది. నీళ్ల పైపుతో చేయించిన చప్పుడు తుపాకీ తనది, అందులో పోసే మందు తనది. మేమేమో చిల్లుల డబ్బాలు పట్టుకుని ఊపుకుంటూ వస్తాం. మీ చేన్లను నేనెందుకు కాపాడాలి, ఇట్లయితే నేను వేరుపడతా అన్నాడు. సేటు తన బాధ తాను చెప్పుకున్నాడు. అంజన్న రూపమైన కోతి మీద రాయి ఎత్తడం తన వల్ల కాదట. అప్పటికే అడవి అంచున అరటిపళ్లు పెట్టి వస్తున్నాడు, కడుపు నిండితే ఇటు రావని. అవి పళ్లు తిని, ఇంకా ఏముందో చూద్దామని నేరుగా చేనులోకి వచ్చేవి.

నా ఆనందం ఏమని చెప్పను! మూడేళ్లుగా హోటల్లో నేను చెబుతున్న పాఠం కాళ్లూ చేతులూ వచ్చి నా ముందర నిలబడింది. మీరంతా ఆగండి, దీనికి నేను ఒప్పందం రాస్తా అన్నాను. ఇంటికి పోయి రెండు రోజులు కూర్చుని రాశాను. కూటమి కాగితం సంగతి నాకు కంఠతా వచ్చు. దాని గుండెకాయ ఒకే ఒక్క మాట. దాడి జరిగినప్పుడు ప్రతి సభ్యుడూ "అవసరమని తనకు తోచిన చర్య" తీసుకోవాలి. ఆ మాట లేకపోతే ఏ దేశమూ సంతకం పెట్టేది కాదు. అదే నేనూ రాశాను. ఫోన్లో ఒక గ్రూపు పెట్టి, డబ్బాకు బదులు అందులో కబురు పెట్టాలని, ముందు సంప్రదింపులు, ఆ తర్వాతే చర్య అని రాశాను. సేటు కోసం మంగళవారం తటస్థత అనే అంశం విడిగా చేర్చాను.

పటేల్ బండి సీటు మీద కాగితం పరిచి సంతకాలు పెట్టుకున్నాం. చదివి వినిపిస్తే పటేల్ భేష్ అన్నాడు, సేటు దండం పెట్టాడు. మక్కచేను ఆమె ఒక్కతే అడిగింది.

"సారూ, అంటే వస్తరా, రారా?"

నేను నవ్వాను. పాపం చదువు లేని మనిషి అనుకున్నాను. "వస్తాం చెల్లే, అందుకే గదా రాసుకునేది," అన్నాను.

వానలు వెనకబట్టి కంకుల్లో గింజ గట్టిపడే రోజులు వచ్చాయి. నా కంది ఇంకా పూత మీద ఉంది, సేటుదీ అంతే. పటేల్‌ది పత్తి. కోతులకు పనికొచ్చే పంట ఆ వారం ఆమెదొక్కటే. ఈ విషయం అప్పుడు నాకు తట్టలేదని అబద్ధం చెప్పను.

మంగళవారం పొద్దున హోటల్లో క్లాసు రంజుగా సాగుతోంది. పెద్ద దేశాలు నెలల తరబడి ఎలా నాన్చుతాయో చెబుతున్నాను. అప్పుడు ఆమె ఫోన్ వచ్చింది.

"సారూ, మంద దిగింది. మస్తున్నయి. ఎప్పటిసంది డబ్బా కొడుతున్న, ఒక్కలు వస్తలేరు."

ఆమెది బటన్ల ఫోను, గ్రూపులో లేదు. ఫికర్ పడకు, నేను పెడుతున్నా అని చెప్పి రాశాను: "ఒప్పందంలోని రెండో అంశం ప్రకారం అత్యవసర సంప్రదింపులు కోరడమైనది." అక్షర దోషాలు ఉన్నాయేమోనని మళ్లీ ఒకసారి చూసుకుని పంపాను. సేటు దండం బొమ్మ పెట్టి, ఇవాళ మంగళవారమని గుర్తుచేశాడు. పటేల్ నుంచి ప్రశ్న వచ్చింది, కోతులు చేనులో దిగాయా, గట్టు మీదుగా పోతున్నాయా, ముందు అది తేల్చమని. తేల్చడానికి ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఒక చేత్తో కట్టె, ఒక చేత్తో డబ్బా ఉన్న మనిషి ఫోన్ ఎలా ఎత్తుతుందో నాకు తోచలేదు. క్షేత్రస్థాయి సమాచారం అందడం లేదని గ్రూపులో పెట్టాను. అయితే ఆగుదాం అన్నాడు పటేల్. ఊరికే ఆగితే బాగుండదని, ఈ దాడిని తీవ్రంగా ఖండిస్తున్నామని నేను రాశాను. ఇద్దరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. ఏకగ్రీవం!

ఆ తర్వాత నేను క్లాసు ముగించాను. నిజం చెబుతున్నాను, మధ్యలో లేవలేదు. మంచి ఘట్టంలో ఉన్నాను. ఇంకో చాయ్ కూడా తాగాను. అప్పుడు పెద్దేముల్ ఆటో ఎక్కాను. ఆటో నిండితే గానీ కదలదు కదా, నిండేదాకా అందులో కూర్చుని గ్రూపు చూసుకున్నాను.

నేను పోయేసరికి కోతులు లేవు. చేను కూడా లేదు. కోతి కంకిని పూర్తిగా తినదు, పొట్టు ఒలిచి రెండు కొరుకులు కొరికి పారేసి ఇంకోటి అందుకుంటుంది. ఎకరంనరలో నిలబడ్డ కర్ర వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె గట్టు మీద కూర్చుని దగ్గుతోంది. డబ్బా సొట్టలు పడి పక్కన ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుని లేచి నిలబడింది, పెద్దమనిషి వచ్చాడని. ఆ మర్యాదకు నా తల తీసేసినట్టయింది.

అప్పుడొచ్చాడు పటేల్, బండి మీద, తుపాకీతో. ఖాళీ చేనులో నిలబడి గాల్లోకి ఒకటి పేల్చాడు కూడా. ఇల్లు అక్కడికి కూతవేటు దూరం, డబ్బా చప్పుడు చెవిన పడలేదా అని నేను ఎగిరిపడ్డాను. అతడు నిమ్మళంగా జేబులోంచి నా కాగితం తీశాడు.

"కాగితంల గట్లనే రాసినవ్ గద సార్, ఎవరికి తోచింది వాళ్లు చెయ్యాలె అని. నాకు మెసేజ్ పెట్టుడే తోచింది."

ఎన్నిసార్లు చదివినా అతడిదే న్యాయం. సేటుదీ న్యాయమే, మంగళవారం కనక. ఖండన కూడా ఒక చర్యే కాబట్టి నాదీ న్యాయమే. మా ముగ్గురిలో ఒక్కరు కూడా ఒప్పందాన్ని ఉల్లంఘించలేదు. అంత పకడ్బందీగా రాశాను, నా చెయ్యి విరగ! కాగితం లేని రోజుల్లో డబ్బా మోగితే రాకుండా ఉండటానికి ఎవరికీ దారి దొరికేది కాదు. ఆ దారి వేసి పెట్టింది నేను.

తర్వాత ఏం చేశామంటారా? శిఖరాగ్ర సమావేశం. ముగ్గురం ఆమెను వెంటేసుకుని వికారాబాద్‌లో ఒక పెద్దాఫీసుకు పోయి నష్టపరిహారం ఇప్పించమని అర్జీ ఇచ్చాం. అర్జీ నేనే రాశాను, నాలుగు పేజీలు. ఆఫీసు మెట్ల మీద ఫోటో దిగాం. మధ్యలో ఎవరు నిలబడాలన్న దాని మీద పటేల్‌కూ సేటుకూ కాసేపు మాటా మాటా వచ్చింది. ఫోటోలో ఆమె సగమే పడింది. తిరుగు బస్సులో పటేల్ వచ్చే పంటకారుకు విత్తనాలు నావి అన్నాడు, సేటు ఎరువు నాది అన్నాడు, ఇంకోసారి ఇలా జరగనివ్వం అని నేనన్నాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని, అన్నింటికీ సరే సరే అంది. వచ్చే కారు దాకా ఏం తినాలని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

పది రోజులు గడిచాక ఒక పొద్దున తాండూరులో మా ఇంటికి వచ్చింది. పాత చీర కట్టుకుని, మూతికి కట్టుకునే గుడ్డ భుజాన వేసుకుని వచ్చింది. పాలిష్ మిషన్ యజమాని మళ్లీ పనిలోకి తీసుకుంటానన్నాడట. కానీ ఆమె దగ్గు సంగతి అతడికి తెలుసు. పనిలో ఆమెకు ఏమన్నా అయితే ఎవరిదీ పూచీ కాదని, తన ఇష్టం మీదే వస్తోందని కాగితం రాసి తెమ్మన్నాడట.

పోవద్దన్నాను. డాక్టర్ మాట గుర్తుచేశాను. గొంతు కూడా పెంచాను, అది నాకు అలవాటే. ఆమె వినేంతవరకు విని, మరేం జెయ్యమంటవ్ సారూ అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. చెబుతానేమోనని నా మొహం చూస్తూ నిలబడింది. ఎన్నో దేశాలకు ఏం చెయ్యాలో రోజూ చెప్పే నోరు నాది.

"నువ్వే రాయాలె సారూ," అంది. "నువ్వు రాస్తె ఎవ్వరి మీదికీ రాదు."

రాశాను. చదవమంటే చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చి ఆపమంది, ఆపాను. సంతకం పెట్టి, కాగితం మడిచి కొంగున ముడేసుకుని, పనికి ఆలస్యమైతుందని వెళ్లిపోయింది.