కుడి చెవి నీళ్లకి, ఎడమ చెవి బండ్లకి

మా చెల్లెలి కూతురు మేస్త్రీతో గొడవపడి గెలిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, చేతిలో కూరల సంచీతో. అది నీళ్ల ఆఫీసులో పని చేస్తుంది. నేల కింద పైపు ఎక్కడ పగిలిందో రోడ్డు తవ్వకుండానే విని చెప్పడం దాని ఉద్యోగం. నేల మీద ఓ మైకు ఆనిస్తుంది, నడుముకి పెట్టె, చెవులకి హెడ్‌ఫోన్లు. కింద నీళ్లు కారుతుంటే బుస్సుమంటుందట. బాగా వినిపించిన చోట సుద్దతో సున్నా చుడుతుంది. అక్కడ తవ్వుతారు.

ఆ రోజు మేస్త్రీ తడి కనిపించిన చోటే తవ్విస్తానన్నాడు. ఇది ఏడడుగుల అవతల సున్నా చుట్టింది.

"తడి ఇక్కడుంటే గొయ్యి అక్కడెందుకమ్మా?"

"కారేది ఓ చోట, తేలేది ఓ చోట మేస్త్రీ. మీ ఇంటి కప్పు కారినా అంతేగా?"

"మా ఇంటి కప్పు కారదు."

"అదీ సంగతి. అందుకే తెలీలేదు పాపం."

వీధంతా నవ్వింది. సున్నా చుట్టిన చోటే తవ్వారు. మోకాల్లోతులో నీళ్లు చిమ్మి మేస్త్రీ మీసం తడిపాయి. అప్పట్నుంచి దానికి పాము చెవుల పిల్ల అని పేరు. పిల్లేమిటి నా మొహం, నలభై రెండేళ్లు! ఆ చెవులు ఎవరి వంశానివని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు డెబ్బై దాటాయి. పక్కింట్లో గిన్నె కిందపడితే ఇత్తడిదో స్టీలుదో చెబుతాను.

దానికో పద్ధతుంది. హెడ్‌ఫోన్ల ఎడమ డొప్ప చెవి వెనక్కి నెట్టి, ఒక్క కుడి చెవితోనే వింటుంది. రోడ్డు మధ్య చేసే పని కదా. "కుడి చెవి నీళ్లకి పెద్దమ్మా, ఎడమ చెవి బండ్లకి" అనేది. చప్పుడు మీద అనుమానమొస్తే హెడ్‌ఫోన్లు తిప్పి, కుడి డొప్ప ఎడమ చెవికీ ఎడమది కుడికీ పెట్టుకుని చూసేది. పధ్నాలుగేళ్లుగా చూస్తున్నాను, అన్నం ముందు చెయ్యి కడుక్కున్నట్టు తిప్పేది.

మొన్న ఒకే నెలలో రెండు గోతులు ఎండుగా తేలాయి. మట్టి తప్ప చుక్క లేదు. హెడ్‌ఫోన్లు పాడయ్యాయని ఇది ఆఫీసులో చెప్పింది. పాడయ్యాయి, నిజమే. స్పాంజి రాలిపోయి, వైరుకి మూడు చోట్ల టేపు చుట్టి, చెవుల్ని పట్టకారులా నొక్కేవి. కొత్తవి వచ్చే ఏడాది ఇస్తామన్నారు. మేస్త్రీ ఊరుకుంటాడా? "ఆడలేక మద్దెల ఓడన్నారట" అని పదిమందిలో అన్నాడు. ఆఫీసరు ఇంకో మాట కలిపాడు: మూడో గొయ్యి కూడా ఎండుగా తేలిందంటే వీధి పని మానేసి లోపల కూర్చుని ఫిర్యాదులు రాసుకోవాలట. ఇంకొకరైతే నీడపట్టున ఉండొచ్చని సంబరపడేవాళ్లు. ఇది ఆ రాత్రి అన్నం కెలికి లేచి వెళ్లిపోయింది.

మూడోది బడి వీధిలో. రెండు రోజులుగా ఆ వీధి కుళాయిలకి నీళ్లు సరిగ్గా అందడం లేదు. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు. పొద్దున్నే బూట్ల కోసం దాచుకున్న డబ్బు తీసుకుని హెడ్‌ఫోన్లు కొనడానికి బయలుదేరింది. బేరమాడటం దానికి చేతకాదు, అందుకని నన్ను తీసుకెళ్లింది.

కొట్టువాడు ముందు బాగా ఖరీదైనవి తీశాడు. నేను బూట్ల డబ్బు సంగతి చెప్పాను. మొహం మాడ్చుకుని కింది అరలోవి తీసి డప్పుల పాట పెట్టాడు.

"పాటొద్దు బాబూ" అని ఇది తన ఫోన్లో దాచుకున్న బుస్సు పెట్టింది.

వాడు ఓ చెవి ఆనించి విని, "ఇదేంటమ్మా, చెడిపోయిన ఫోనా?" అన్నాడు.

మొదటి జతలో అంతా దుం దుం. నీళ్ల చప్పుడు కుండలో దాక్కున్నట్టుందట. పాటకి పనికొచ్చేవి దీనికి పనికిరావు. రెండో జతలో చప్పుడు శుభ్రంగా ఉంది గానీ దుద్దుల మీద నొక్కేస్తోంది. మూడోది మెత్తగా, తేలిగ్గా ఉంది. పెట్టుకుని అటూ ఇటూ నడిచింది, వంగింది, మోకాళ్ల మీద కూర్చుని నేల మీద చెయ్యి పెట్టింది. జారలేదు.

"హెడ్‌ఫోన్లు కొంటున్నారా, పెళ్లికొడుకుని చూస్తున్నారా?" అన్నాడు కొట్టువాడు.

"పెళ్లికొడుకునైతే ఇంతసేపు చూడం నాయనా, ఎలాగూ వాడు మన మాట వినడు. ఇవి వినాలి" అన్నాను.

ఇది నవ్వలేదు. "కుడివైపు తక్కువగా ఉంది. ఇంకోటివ్వు" అంది.

అలాంటిదే ఇంకోటిచ్చాడు. అదీ కుడివైపు తక్కువే. వేరే రకమిచ్చాడు. అదీ అంతే. వాడికి ఒళ్లు మండింది. "అన్నీ కుడివైపే చెడిపోయాయా అమ్మా?" అని విసుక్కుంటూ ఇంకో పెట్టె కోసం లోపలికెళ్లాడు.

అప్పుడు తట్టింది నాకు. ఇంతసేపట్లో ఒక్క జతా తిప్పి పెట్టుకోలేదు ఇది. వీధిలో రోజుకి పదిసార్లు చేసే పని, ఇక్కడ ఒక్కసారీ చెయ్యలేదు.

వెళ్లి దాని తల మీద ఉన్నవి తీసి, అటుది ఇటు చేసి పెట్టాను. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. బుస్సు ఇంకా మోగుతూనే ఉంది.

"ఇప్పుడు?" అన్నాను.

నేల చూపులు చూసింది. పెదాలు మాత్రం కదిలాయి. "కుడివైపే తక్కువ."

మద్దెల మంచిదే. నీళ్లకని దాచుకున్న చెవే దాన్ని మోసం చేసింది.

కొట్టువాడు తిరిగొచ్చేసరికి ఆ మెత్తటి మూడో జతే బేరమాడుతున్నాను. పదోవంతు తగ్గించాడు. బడి వీధి మొదట్లో, "ఎవరికీ చెప్పకు పెద్దమ్మా" అంది. నేనెవరికి చెబుతాను, నా నోటి గురించి ఊరంతా ఏమనుకుంటే నాకేం!

మేస్త్రీ మనుషులు గునపాలు ఆనించి నిలబడి ఉన్నారు. ఇది ఈసారి కుడి డొప్ప వెనక్కి నెట్టి, ఎడమ చెవి నీళ్లకిచ్చింది. మైకు ఆనించడం, వినడం, రెండడుగులు వెయ్యడం. నడిరోడ్డు మీదికి వెళ్లి వంగింది. పాలవాను ఒకటి కుడివైపు నుంచి వెనక్కి వస్తోంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఇది తలెత్తలేదు.

ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. చొక్కా కాలరు పట్టి లాగి గొంతు చించుకుని అరిచాను. వాను అద్దం దాని భుజాన్ని రాసుకుంటూ పోయింది.

"ఏంటమ్మా, పాము చెవులకి హారన్ కూడా వినపడలేదా?" అన్నాడు మేస్త్రీ. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు చిన్నవయ్యాయి.

ఇది కాలరు సర్దుకుని సున్నా చుట్టింది. "తవ్వండి."

మోకాల్లోతు తవ్వారు. ఎండు. తొడలోతు. ఎండే. మేస్త్రీ గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఇది సుద్దముక్క పిడికిట్లో పెట్టి నలుపుతోంది, వేళ్ల సందుల్లోంచి పొడి రాలుతోంది. నడుములోతు దగ్గర గునపం దిగిన చోట మట్టి నల్లబడింది. తర్వాతి పోటుకి చిమ్మింది.

మేస్త్రీ బీడీ ఆర్పేసి పైపు చూడ్డానికి గోతిలోకి దిగాడు.

ఇది హెడ్‌ఫోన్లు తీసి నా మెడలో వేసి, నా చెవి దగ్గరికి వంగింది.

"సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం పెద్దమ్మా. ఆఫీసరుకి కూడా నేనే చెబుతాను. అంతదాకా నా కుడి పక్కన నిలబడతావా? బండొస్తే భుజం తట్టు చాలు. అరవకు. నువ్వరిస్తే నీళ్లు వినపడవు."