రెండు బుగ్గల సంతోషం

యానాంలో ఫ్రెంచివాళ్ళ జెండా ఇంకా ఎగురుతున్న ఆ రోజుల్లో, సంతోషం వచ్చినవాడు దాన్ని ఇంట్లో దాచుకునే అలవాటు మాకు లేదు. మా స్నేహితుల్లో ఎవడికి ఏ మంచి జరిగినా సాయంత్రానికల్లా మిగిలినవాళ్ళం దానికి వారసుల్లా తిరిగేవాళ్ళం. ఈ పద్ధతి వల్ల నా పెళ్ళి కొంచెంలో తప్పిపోయేదే గాని, పద్ధతిని నేనిప్పటికీ తప్పుపట్టను.

మాలో ఒకడు బుల్లిదొర. (బిరుదు మేమిచ్చిందే. వాడికి నాలుగు ఫ్రెంచి ముక్కలు వచ్చు, మాకు రెండే.) వాడు ఫ్రెంచి పరీక్ష మూడోసారికి గట్టెక్కాడు. సర్టిఫికెట్టు ఇచ్చిన దొర, వాళ్ళ ఆచారం ప్రకారం, వాణ్ణి దగ్గరకు తీసుకుని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకున్నాడు. వాడు ఆ బుగ్గలతోనే తిన్నగా బజారుకొచ్చి, బట్టలకొట్టులో కూర్చున్న మా తాబేలుకి (ఇదీ మేం పెట్టిన పేరే) అదే మర్యాద చేశాడు. "ఇది మన దగ్గర ఉంచుకోకూడదురా. అందుకున్నవాడు ఇంకోడికి అందించెయ్యాలి," అన్నాడు. తాబేలు నిదానస్తుడు, ఏ పనైనా ఆలోచించి చేస్తాడు. బాగా ఆలోచించి మంగలిని ముద్దుపెట్టుకున్నాడు. మంగలి తాను గడ్డం గీస్తున్న మనిషిని (నురగ ఉన్న వైపు వదిలేసి), ఆ మనిషి సోడాకొట్టు ఆయన్ని. మధ్యాహ్నానికి చేపల తట్టతో వచ్చిన ముసలాయన ఒకడు, "ఏదో పంచుతున్నారంట గదండీ, మా కనకాలపేటక్కూడా ఓ జత ఇప్పించండి," అని అడిగాడు.

నేను మాత్రం ఇంట్లో దాక్కున్నాను. ఆ సాయంత్రమే గోదావరి దాటి నన్ను చూడడానికి పిల్ల తండ్రి వస్తున్నారు. కాకినాడలో బి.ఏ. చదివేటప్పుడు మా మేనత్తగారి పక్కింటికి చుట్టపుచూపుగా వచ్చిన ఆ అమ్మాయిని మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూడకపోతే నేను దేనికీ పనికిరానని అప్పుడే తేలిపోయింది. అందుకని తాబేలు కిటికీ ఊచల్లోంచి తల దూర్చి నా వాటా నాకు అందించినా, అది నా బుగ్గల మీదే ఆరిపోవాలని నిశ్చయించుకున్నాను.

వచ్చినాయన హెడ్మాస్టరు. మోకాళ్ళ మధ్య గొడుగు పెట్టుకుని కూర్చుని గంటసేపు నన్ను ప్రశ్నలడిగారు. నా జవాబులను ఓపికగా సరిదిద్దారు. ఆఖరికి లేచి నిలబడి, మా నాన్నగారి వైపు తిరిగి, "అబ్బాయి మాకు నచ్చాడండి," అన్నారు.

తరవాత జరిగినదానికి నేను ఒక్కణ్ణే బాధ్యుణ్ణి కాను. పొద్దుట నుంచీ ఆపుకున్నది, తాబేలు ఇచ్చినది, నా సొంతది, అన్నీ కలిసి నన్ను ముందుకు తోశాయి. ఆయన్ని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకున్నాను.

మా అమ్మ ఆయనకు తెచ్చిన కాఫీ గ్లాసు మళ్ళీ వంటింట్లోకి పట్టుకుపోయింది. ఆయన ఉత్తరీయంతో ముందు కుడిబుగ్గ, తరవాత ఎడమబుగ్గ తుడుచుకుని, "అబ్బాయి ఇలా తరచుగా చేస్తుంటాడాండి?" అని అడిగారు.

"లేదండి. మాకెవరికీ ఎప్పుడూ చెయ్యలేదండి," అన్నారు నాన్నగారు, కొంచెం నిష్ఠూరంగానే.

"ఉత్తరం రాస్తాం," అని ఆయన గొడుగు తీసుకుని రేవుకి నడిచారు. ఉత్తరం రాస్తామన్న సంబంధాల్లో ఎన్ని కుదిరాయో ఊళ్ళో అందరికీ తెలుసు. బుల్లిదొర ఆ రాత్రి తన సర్టిఫికెట్టు నాకే ఇచ్చేస్తానన్నాడు. నేను వద్దన్నాను.

మర్నాడు పడవవాడు తాబేలుతో చెప్పాడట. నడిగోదావరిలో ఆ హెడ్మాస్టరుగారు బుగ్గ తడుముకుని ఒక్కరే నవ్వడం మొదలెట్టారని, అది చూసి పక్కనున్న కొబ్బరికాయల ఆసామి నవ్వాడని, అవతలి ఒడ్డు చేరేసరికి ఎందుకో తెలియకుండానే పడవంతా నవ్విందని. పదిరోజులకు ఉత్తరం వచ్చింది. ముహూర్తం పెట్టించారట. పెళ్ళికొడుకు ఆడపెళ్ళివారికి నమస్కారంతో సరిపెట్టాలని మాత్రం కింద గీత గీసి రాశారు. అలాగే సరిపెట్టాను.

మా మొదటి పిల్ల మామగారింట్లోనే పుట్టింది. ఆ కబురు ఉత్తరంలో రాయకుండా ఆయనే పడవెక్కి వచ్చారు. "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం," అని, గొడుగు గోడకానించి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డారు. ఎందుకో నాకు వెంటనే తోచలేదు.

"కానీవయ్యా. మీ ఊరి పద్ధతేగా," అన్నారు.

ఇప్పుడు నాకూ ఒక అల్లుడున్నాడు. వాడు ఏదైనా మంచి కబురు మోసుకొచ్చినప్పుడల్లా నేను కళ్ళజోడు తీసి కాసేపు ఎదురుగా నిలబడుతుంటాను. పాపం, మంచి కుర్రాడు. కళ్ళు మండుతున్నాయేమోనని చుక్కల మందు తెచ్చి ఇస్తాడు.