నడుముకు పట్టిన తామర

ఛీ, చెప్పుకోవాలంటేనే ఒళ్ళు జలదరిస్తది. నా నడుముకు, లంగా నాడ ఒరుసుకునే కాడ, చుట్టూ తామర ఉండె. మూడేండ్లు దాన్ని గోకుకుంటనే బతికిన. గోళ్ళ సందుల పొట్టు, ఎంత కడుక్కున్నా పోని తడిగుడ్డ వాసన. అన్నం కలుపుకుంటుంటే నా చెయ్యి నాకే రోత పుట్టేది.

ఎట్లొచ్చిందంటే ఏం చెప్పాలె? మాది కారేపల్లి దగ్గర ఊరు. నేను ఇల్లందుల ఒక ఆఫీసుల అటెండరును. పొద్దున ఆరింటికే ఇన్ని నీళ్ళు గుమ్మరించుకొని, ఆరీ ఆరని లంగా కట్టుకొని బస్సెక్కేది. నిలబడ జాగ ఉండదు, ఒకరి చెమట ఒకరికి. రోడ్డంతా బొగ్గు లారీలు, దిగేసరికి మెడ మీద నల్లగ జిగట. ఆఫీసు బాత్రూంల నీళ్ళు రావు. పాలిస్టరు చీర ఒంటికి అతుక్కొని సాయంత్రం దాక ఒళ్ళు ఉడికేది. ఇంటికొచ్చి అదే చీరతోని వంట. అందరికి ఒకటే తువాల. ఇంక తామర పట్టక ఏమైతది?

దవాఖానకు పోలే. ఆడదాన్ని, ఆ జాగ ఎవరికని చూపియ్యాలె? మెడికల్ షాపుల దురదకని అడిగితే ఒక ట్యూబు ఇచ్చేటోడు. రాస్తే నాలుగు రోజులు తగ్గేది, మళ్ళ రెండింతలై లేచేది. మళ్ళ అదే ట్యూబు. నా మొగనికి గూడ చెప్పలే.

పోయిన వానకాలం నా బిడ్డ పురుటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మా దిక్కు పసిపిల్లకు కొత్త బట్ట వెయ్యరు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ చీరనే ఉయ్యాల కడ్తరు, దాన్నే చింపి పరుస్తరు. పెద్దల ఆయుష్షు పిల్లకొస్తదని నమ్మకం. నేను మురుసుకుంట నా చీరలు తీసిచ్చిన. ఒకటి మాసితే ఇంకోటి, అన్ని నా నడుముకు చుట్టుకున్నయే. ముసురుకు అవి సక్కగ ఆరనన్న ఆరలే. బుద్ధికి తట్టలే చూడు!

మిరపకాయ ఏరే కాలానికి పాపకు ఐదో నెల. తొడల మీద, వీపు మీద గుండ్రటి ఎర్ర మచ్చలు లేచినయ్. నిద్రల గూడ కాళ్ళు రాసుకుంట ఏడ్చేది. నాకు అనుమానం ఎవరి మీద వచ్చిందనుకున్నరు? మా చేన్ల కాయ ఏరనీకి అడవి దిక్కు ఊరి నుంచి వచ్చే కూలీ ఆమె మీద. ఒకసారి పాపను ఎత్తుకొని ముద్దాడింది. మిరప ఘాటుకు ఆమె వేళ్ళు ఎర్రగై పొక్కిపోయి ఉండె.

"ఏందే, గా చేతులతోని పిల్లను ముట్టుకుంటవా? రోగం అంటిస్తవా?" అని కల్లంల అందరి ముందు అరిసిన.

"ఇది కాయ మంటమ్మా, అంటేది కాదు" అన్నది మెల్లగ.

థూ అని ఉమ్మిన. తెల్లారి నుంచి ఆమె పనికి రాలే. అట్ల అరిసేటప్పుడు గూడ నా ఎడమ చెయ్యి నడుము గోకుతనే ఉన్నది.

మచ్చలు పాప మెడ దాక పాకినయ్. నా ట్యూబే ఇంత రాద్దామని మూత తీసిన. బిడ్డ చూసి గుంజుకున్నది. "తెలిసీ తెలవని మందులొద్దమ్మా, నడువు" అని నన్ను, పాపను దవాఖానకు తోలుకపోయింది.

డాక్టరమ్మ పాపను బోర్లేసి చూసింది. "ఇది తామర. పెద్దోళ్ళ నుంచి అంటినట్టుంది. ఇంట్ల ఎవరికుంది?"

"మాకెవ్వరికి లేదు మేడం. కూలీ ఆమె ఒకసారి ఎత్తుకున్నది, ఆమె నుంచే" అన్నది బిడ్డ. నేను నూరిపోసిన మాటే అది.

"ఒక్కసారి ఎత్తుకుంటే ఇంత రాదమ్మా. పాప ఏ బట్టల పండుకుంటది?"

"మా అమ్మ పాత చీరలల్ల."

డాక్టరమ్మ నా దిక్కు చూసింది. అబద్ధమే ఆడుదామనుకున్న, సిగ్గులేనిదాన్ని. పాప మళ్ళ కాళ్ళు రాసుకొని ఏడ్వబట్టింది.

"నాకుంది మేడం. మూడేండ్లైంది" అన్న.

బిడ్డ వంచిన తల ఎత్తకుండ పాపకు అంగీ తొడిగి భుజానేసుకున్నది. పాప మాత్రం నా దిక్కు రెండు చేతులు చాపింది. ఎత్తుకోనీకి నా చేతులు లేచినయ్. నేనే దించుకున్న.