వెనక్కి చూడకూడదు

నెబోయ్షా అంటే భయమెరుగనివాడని అర్థం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నోవీ సాద్ నగరంలో ఇంజనీరింగ్ చదివే ఆ కుర్రాడికి చీటీ పరీక్షంటే చచ్చేంత భయం. ప్రొఫెసరు బల్లమీద బోర్లించిన చీటీల్లో ఒకటి తీసి, వచ్చిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పాలి. లెక్కల పరీక్ష ఇప్పటికే చాలాసార్లు తన్నేసింది. ఈ జూన్‌లోనూ పోతే కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు.

పుస్తకం తెరిస్తే చాలు, వాడికి డాన్యూబ్ నది ఒడ్డు కనబడేది. ఇసుకలో వెల్లకిలా పడుకోవడం, నీళ్ళలో చల్లబెట్టిన పుచ్చకాయ, ఎవరూ ఏమీ అడగని మధ్యాహ్నం. పేజీ తిరక్కుండానే పూట గడిచిపోయేది. తల్లి పోయాక వాణ్ణి పెంచిన మేనత్త స్తానా పక్కగదిలో టీవీ గొంతు నొక్కేసి బొమ్మలు మాత్రం చూసేది, వాడి చదువు చెడుతుందని. ఎంత గుడ్డి ప్రేమో చూడండి!

పరీక్షరోజు పొద్దున ఆవిడ నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బయల్దేరినవాడి వెనక నీళ్ళు పోస్తే పని నీళ్ళలా సాగిపోతుందని అక్కడి నమ్మకం.

"మళ్ళీ ఆ చెంబేనా అత్తా? పక్కింటివాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ, వాళ్ళ పళ్ళే బయటపడతాయి. కిందటిసారి గేటు దగ్గర వెనక్కి తిరిగావు, పరీక్ష పోయింది. ఈసారి తిరిగావో, కాళ్ళు విరగ్గొడతా!"

వాడు నడిచాడు. వెనక మెట్లమీద నీళ్ళు చిందాయి. మరుక్షణం ధబ్బున చప్పుడు, చెంబు దొర్లిన మోత. వాడి మెడ సగం తిరిగింది. ఆవిడే చూడొద్దంది కదా, చెంబు జారిందేమోలే అనుకుని మలుపు తిరిగాడు.

స్టాపులో కాలేజీ బస్సు ఆగింది. దాని వెనకే ఒడ్డుకెళ్ళే బస్సు. వెధవ కాళ్ళు రెండోదే ఎక్కాయి.

నదిలో మునిగాడు, పడుకున్నాడు, పుచ్చకాయ కొనుక్కున్నాడు. కలలో ఉన్నంత తియ్యగా లేదు. అయినా తొక్కదాకా తిని, మళ్ళీ ఓ మునక వేసి ఇంటిదారి పట్టాడు.

ఇంటికొస్తే పక్కింటి యెలిసావెతా గేటు దగ్గరే పట్టుకుంది.

"ఎక్కడ చచ్చావురా? మీ అత్త తడిమెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మేం చూసేదాకా అక్కడే పడుంది. ఆస్పత్రికి పో!"

వాడు పరుగెత్తాడు.

మంచంమీంచి ఆవిడ మొదట అడిగిన మాట ఇది: "వెనక్కి చూడలేదు కదూ?"

"లేదత్తా."

"హమ్మయ్య! పడ్డాక తలగుడ్డ కొస నోట్లో కుక్కుకున్నానురా. అరిస్తే నువ్వు తిరిగి చూస్తావని." ఆవిడ కళ్ళు మెరిశాయి. "పాసయ్యావా?"

వాడు తల ఊపాడు.

"నర్సమ్మా, మావాడు పాసయ్యాడు!" అని వార్డంతా వినబడేలా చెప్పి, వాణ్ణి దగ్గరికి రమ్మని తల నిమిరింది. జుట్టింకా తడిగానే ఉంది.

"పాపం," అంది, "ఎంత చెమట పట్టిందిరా నాన్నా."