ముసాఫిర్‌ఖానాకు పెట్టిన డిటో

సోమరితనానికి శిక్ష వెంటనే పడితే మనిషి బాగుపడతాడు. నాది పదిహేనేళ్ళ తర్వాత పడింది, అదీ నా నెత్తిన కాదు.

ఎనభైల మొదట్లో పటాన్‌చెరు దగ్గరి ఒక ఊళ్ళో పంచాయతీ గుమస్తాగా చేరాను. చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. పాత ఇళ్ళ రిజిస్టరును చెదలు తినేశాయి, కొత్తది రాయమన్నారు. ఇంటి నంబరు, యజమాని పేరు, గోడ, కప్పు అన్నీ సులువే. 'కట్టిన సంవత్సరం' అనే కాలమ్ దగ్గర మాత్రం జనం నా ప్రాణాలు తోడేశారు. ఒక్కరూ సంవత్సరం చెప్పరే! "మా తాత కట్టిండు" అంటాడొకాయన. "గత్తరొచ్చి సగం ఊరు పోయిన యేడు" అంటుందొకావిడ. ఆ కలరా ఎప్పుడొచ్చిందో నేనెక్కడ వెతికేది? ఎండ మాడుస్తోంది, ఆకలి, పైగా సంగారెడ్డి బస్సుకు టైమైపోతోంది.

అంతలో ఇంకా సిమెంటు తడి ఆరని వరస గదులు కనిపించాయి, ఫ్యాక్టరీ పనివాళ్ళకు కిరాయికివ్వడానికి కట్టినవి. యజమాని ఈ యేడే కట్టానని ఠక్కున చెప్పాడు. రాశాను. దాని కింద పేజీ చివరిదాకా, పైదే కిందా అన్నట్టు డిటో గీతలు పెట్టుకుంటూ పోయాను. ఆ గీతల్లో రెండోది ముసాఫిర్‌ఖానాకు పడింది.

ముసాఫిర్‌ఖానా అంటే బొంబాయి రోడ్డు పక్కన ఉన్న పాత సత్రం. డంగు సున్నం గోడలు, అయిదు కమానులు. బాటసారులు రావడం ఎప్పుడో మానేశారు గానీ, వాకిలి చాలని పేదవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ అక్కడే జరిగేవి. దాన్ని ఊడ్చి, కుండల్లో నీళ్ళు నింపే అవ్వ ఒకామె మూలగదిలో ఉండేది. అంతకుముందు ఆమె అత్తదీ అదే పని. ఆ గది తప్ప అవ్వకు నిలువనీడ లేదు.

తొంభైల చివర్లో అదే ఊరికి పంచాయతీ కార్యదర్శిగా వచ్చాను. అప్పటికి రోడ్డు పక్క జాగాకు గిరాకీ పెరిగింది. ముసాఫిర్‌ఖానా కూల్చి దుకాణాలు కట్టాలని పంచాయతీ తీర్మానం చేసింది. అయితే పైనుంచి ఒక రూలు వచ్చి ఉంది. వందేళ్ళు దాటిన కట్టడమైతే జిల్లా కమిటీ వచ్చి చూసి సరే అనేదాకా గడ్డపార తగలకూడదు. దాటకపోతే కార్యదర్శి సంతకం చాలు. వయసుకు ఆధారం ఇళ్ళ రిజిస్టరు.

తెరిచి చూశాను. నా వంకర రాత, నా డిటో.

సర్పంచ్ మాత్రం మురిసిపోయాడు. "ఏంది సారూ, ఉత్తగనే పరేషానైతున్నవ్? ఇరవై యేండ్లు గూడ లేవు దీనికి! ఇగ కమిటీ ఎందుకు, గిమిటీ ఎందుకు?"

"కండ్లున్నోడెవడన్నా దాన్ని ఇరవై యేండ్లదంటడా?" అన్నాను.

"కాయితం ఉన్నంక కండ్లతోని పనేంది?" అని నవ్వాడు.

రిజిస్టరు తప్పని రాస్తే, ఆ తప్పు నాదేనని కూడా రాయాలి. మెమో వస్తుంది, ప్రమోషన్ ఆగుతుంది. అయినా రాద్దామనుకున్నాను, వద్దనుకున్నాను. కూల్చివేత అనుమతి కాగితం రెండు రోజులు సొరుగులోనే ఉంది.

మూడోనాడు అవ్వ ఆఫీసుకొచ్చింది. "సారూ, కూలగొడ్తరంటున్రు. పాతదైతే పెద్దసార్లు వచ్చి సూస్తరంట గదా? జెర పిలువుండ్రి. సూస్తె వాళ్ళకే తెలుస్తది."

"రికార్డుల కొత్తదని ఉందవ్వా," అన్నాను, రిజిస్టరు మూసేస్తూ.

"కొత్తదా? నేను లగ్గమై వచ్చిన్నాడు మా అత్త గా కమాను కిందనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. గప్పటికే పాతది. నాకంటె చిన్నదెట్లయితది సారూ?"

నేను ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నాను. అవ్వ పోతూ పోతూ గడప ముందు రాలిన ఆకులు అలవాటు కొద్దీ ఏరి పారేసి వెళ్ళింది. ఆ సాయంత్రమే సంతకం పెట్టాను. థూ, ఏం బతుకు!

ఒక్కపూట పని అనుకున్న కూల్చివేత నాలుగు రోజులు పట్టింది. "క్యా దీవార్ హై సాబ్!" అని బిహారీ కూలీలు గోడను తడిమి మరీ చూశారు. అవ్వ ఆ వరస గదుల్లోనే ఒకదాంట్లోకి కిరాయికి పోయింది.

రెండేళ్ళకు వృద్ధాప్య పింఛను దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. పుట్టిన తేదీకి కాగితమేదీ లేదు. వయసు నేనే అంచనా వేసి రాయాలి.

"ఎన్నేండ్లుంటయవ్వా?"

"నాకేం ఎర్క సారూ. మీ రిజిస్టర్ల ఎంతుంటే గంత రాయుండ్రి."

అందులో ఎగతాళి లేదు. నిజంగానే నమ్మి అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచడం నావల్ల కాలేదు.

"అవ్వా, రిజిస్టరే తప్పు. ముసాఫిర్‌ఖానా యేడు తప్పు రాసింది నేనే. నౌకరీల కొత్తగ ఉన్నప్పుడు, బస్సుకు టైమైతుందని ఆగమాగం రాసిన."

ఆమె నాలుగు తిడితే బాగుండుననిపించింది.

"నేనొచ్చి అడిగిన్నాడు తెల్సా నీకు?"

"తెల్సు."

"మరి గప్పుడు ఏ బస్సుకు టైమైంది బిడ్డా?" అని, వేలిముద్ర కోసం బొటనవేలు ముందుకు చాపింది.