మూత ఊడిన డైకిరీ

ఆ కాలంలో బార్‌లో పనిచేసేవాడంటే తాగుబోతేనని లోకం తేల్చేసేది (వంటవాణ్ణి మాత్రం తిండిపోతని ఎవరూ అనలేదు). ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఓడల కెప్టెన్లు, విదేశీ ఇంజనీర్లు వచ్చే విశాఖ బీచ్ హోటల్లో నేను కాక్‌టెయిల్స్ కలిపేవాణ్ణి. నాకసలు కల్లు వాసనే పడదు. కానీ రమ్ము, నిమ్మరసం, పంచదార, ఐసు వేసి డైకిరీ గిలకొడుతుంటే షేకరు మూత ఊడి, సగం నా చొక్కా మీదే పడేది (విద్య ఇంకా వంటబట్టలేదు). ఆ చొక్కాతోనే ఇంటికి పోయేవాణ్ణి. కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ రోజూ చొక్కా వాసన చూసేది, తాగలేదని ఎంత చెప్పినా నమ్మేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఎలమంచిలి నుంచి వాళ్లన్నయ్య దిగాడు. అప్పటికే ఆవిడ ట్రంకుపెట్టె గుమ్మం దగ్గరుంది. ఆవిడంటే నాకు ప్రాణమని అప్పటికింకా ఒక్కసారైనా చెప్పలేదు.

"సెల్లిని తీసుకెల్లిపోతన్నాను బావా. తాగుడు మానీసినాక కబురెట్టు."

"నాను తాగనేదు బావా. సొక్కా మీద ఒలికింది."

"రోజూనా?"

పని ఎలా ఉంటుందో చూపిస్తే నమ్ముతారని, సాధన కోసం ఇంటికి తెచ్చుకున్న పాత షేకరు తీశాను. నిమ్మరసం, పంచదార, కుండలో నీళ్లు పోసి, రమ్ము ఊసు లేకుండా, హోటల్లోలాగే ఠీవిగా ఊపాను. మూత ఎగిరింది. లోపలిదంతా బావ ఇస్త్రీ చొక్కా మీద పడింది. మా ఆవిడ వాళ్లన్నను చూసింది, దండెం మీది నా చొక్కాను చూసింది.

"నువ్వూ తాగీసినావేటి అన్నయ్యా?" అని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టెను తనే మళ్లీ మంచం కిందికి తోసింది. తర్వాత షేకరులో మిగిలిన గుక్క రుచి చూసి, "పంచదారేటి? బెల్లం, సొంటి ఎయ్యండి" అంది.

మర్నాడు రమ్ములో అలాగే కలిపితే ఒక కెప్టెన్ అడిగి మరీ ఇంకోటి తాగాడు. మెనూలో దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు. నా మనసులో మాత్రం అది ఆవిడ పేరే.

మొన్న మనవరాలు మా ఇద్దరిచేతా బీచ్ రోడ్డు హోటల్లో ఏదో కొత్త ప్రయోగమంటూ బెల్లం, సొంటితో చేసిన డైకిరీ, అదీ రమ్ము లేనిది, తాగించింది. "సొంటి సాల్లేదు" అంది మా ఆవిడ. లేచేటప్పుడు అలవాటుగా నా చొక్కా వాసన చూసింది. ఒక్క చుక్కయినా ఒలకబోసుకుని ఉండాల్సిందనిపించింది.