దిష్టి తగిలే గది

కాన్పుకు మా ఇంటికి వచ్చిన అక్క, పసిపాపతో వెనక గదిలో ఉంటోంది. బాలింతకు చలిగాలి తగలొద్దని నాయినమ్మ కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి, తలుపు మూసి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. గూడూరులో గాలికి ఇంత కట్టుదిట్టమైన కర్ఫ్యూ ఎన్నడూ పెట్టి ఉండరు.

ఈ రోజు పొద్దున అక్క తల పగిలిపోతోందని, కళ్లు తిరుగుతున్నాయని అంది. అది ఎదురింటి అత్త పెట్టిన దిష్టేనని తేల్చేసి, నాయినమ్మ అదే కుంపట్లో ఎండుమిరపకాయలు వేసింది. నేను తలుపు బార్లా తెరిచి ఇద్దరినీ వాకిట్లోకి తెచ్చాను.

"పసిగుడ్డుకు గాలి తాకితే ఎట్లనే?"

"తాకకుంటేనే పానం పోతది నాయినమ్మా! బొగ్గులకెళ్లి కార్బన్ మోనాక్సైడ్ వస్తది. కనబడది, వాసన రాదు."

"కనబడదట, వాసన రాదట, పానం తీస్తదట! నీ సదువు కుంపట్ల వెయ్య!"

దిష్టి మాత్రం ఆమెకు రోజూ కనబడుతుంది కాబోలు.

ఆటోలో దవాఖానకు పోయాం. అక్కకు ఆక్సిజన్ పెట్టారు. తల్లీబిడ్డలకు గండం తప్పింది.

"ఆ గదిల ఇంతకుముందు ఎవరికన్న గిట్లయిందా?" అని నర్సు అడిగింది.

నాయినమ్మ గర్వంగా చెప్పింది: "ఎవరికన్న ఏంది బిడ్డా, ఆ గదిల పండుకున్న బాలింతలందరికీ తగుల్తది. మా ఇంటి మీద గంత దిష్టి!"

ఇన్నేళ్లుగా ఒక్కరినీ మరవకుండా గుర్తుపెట్టుకుంది, నేరం ఎవరిదన్నదే తప్పు చెప్పింది. ఇంటికి రాగానే కుంపటిని వాకిట్లోకి వెళ్లగొట్టాను. ఎదురింటి అత్తకు క్షమాపణ ఎవరు చెప్పాలో మీరే చెప్పండి.